మెలికలరాయుళ్ళు

మురుగునీళ్ళలో గాలి తగ్గితే సంబరపడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? ఉండేవారు మరి. ఆ మురుగునీటి శుద్ధి కేంద్రం ల్యాబులో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగులే. ట్యాంకులో గాలి కాస్త తగ్గిందంటే చాలు, మైక్రోస్కోపు కింద మరమేకుల్లాంటి సూక్ష్మజీవులు ప్రత్యక్షం. ఆయన వాటికి మెలికలరాయుళ్ళని పేరు పెట్టాడు. గిర్రున తిరుగుతూ దూసుకుపోతాయి. రెండు కొసలా తోకలే కాబట్టి వెనక్కి రావాలన్నా వెనుదిరగాల్సిన పనే లేదు, అలాగే వచ్చేస్తాయి.

"చచ్చినవాటిని తిని ఊడ్చిపెట్టేది వీళ్ళేనే. లేకపోతే భూమ్మీద కాలు పెట్టడానికి చోటుండదు," అనేవాడు, డబ్బాలో భోజనం గబగబా మింగుతూ.

"మెల్లగా తినండీ, ఎవరూ లాక్కోరు," అని ఆవిడ రోజూ కసిరేది.

అలాంటి మనిషి గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత కేంద్రంలో గాలి కొట్టే కొత్త మిషన్లు పెట్టారు. నీళ్ళు బాగుపడ్డాయి, మెలికలరాయుళ్ళు మాయం. అందరూ చప్పట్లు కొడుతుంటే ఈవిడకి ఏడుపొచ్చింది. ఒక్కటంటే ఒక్కటి కనిపిస్తే చాలు, ఆయన పక్కనుండి తొంగిచూస్తున్నట్టే ఉంటుంది కదా! మిషను స్విచ్చు మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేసింది. తన ఒక్కదాని బెంగ కోసం ఊరి నీళ్ళు పాడుచేస్తుందా?

ఇంట్లో ఆడపడుచు పోరు. "వదినా, ఆ పూలజాడీ నువ్వు పారేస్తావా, నన్ను పారెయ్యమంటావా? ముక్కు పగిలిపోతోంది!"

అవి ఆయన చివరిసారి తెచ్చిన పూలు. రేకులు రాలి, కాడలు కుళ్ళి, నీళ్ళు నల్లబడినా ఆవిడ ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఆడపడుచు ముక్కు మూసుకోవడం చూశాకగానీ తట్టలేదు. గాలాడని కుళ్ళునీళ్ళు! ఇన్నాళ్ళూ బుర్ర ఏ గంగలో కలిసిందో!

మర్నాడు ఆ నీళ్ళు చిన్న సీసాలో ల్యాబుకి పట్టుకెళ్ళి, ఒక చుక్క గాజుపలక మీద వేసి చూసింది. ఉన్నారు! ఒకడు దూసుకుపోయి, ఆగి, వెనక్కి వచ్చేశాడు. ఎంత సులువో వాడికి!

"ఏవండీ, వచ్చారు, రండి చూద్దురుగాని," అనేసింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, వాళ్ళు తింటున్నది ఆయన తెచ్చిన పూలనే. వద్దనడానికి నోరు రాలేదు. వాళ్ళ పనే అది.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగింది.

"మెల్లగా తినండీ," అంది. "ఎవరూ లాక్కోరు."