చిన్నగదిలో హోరు

“పెట్టెకి గాలాడుతోందా?” అని హాల్లోంచి భర్త అడిగాడు. ఆడుతోందని ఆమె వంటింట్లోంచే చెప్పింది. ఆ వారంలో ఆయన భార్యను ఎక్కువసార్లు అడిగిన మాట అదే.

టీవీకి బొమ్మ అందిస్తూ, కార్యక్రమాలు దాచుకునే ఆ రికార్డరు పెట్టెలో మొన్నమొన్నటిదాకా చిన్న డిస్కు ఉండేది. భర్త మ్యాచ్‌లతో, అత్తగారి సీరియళ్లతో అది కిక్కిరిసిపోతే, చూసేసినవి ఏరి చెరిపే పని ఆమెదే. పొరపాటున ఒకటి ఎక్కువ చెరిపితే తల్లీ కొడుకులు ఒకటైపోయేవారు. “నీకు పని తగ్గిద్దామనే” అంటూ ఆయన పెద్ద డిస్కు తెచ్చి బిగించాడు. రికార్డర్లకని చేసిన నెమ్మది రకం తీసుకోండని షాపువాడు చెబుతూనే ఉన్నాడట. వేగం ఉంటే మంచిదేగా అని ఈయన కంప్యూటర్లో వేసే జోరు రకం తెచ్చాడు. అది హోరుమంటూ తిరిగేసరికి అత్తగారికి సీరియల్లో ఏడుపులు వినబడలేదు. దాంతో గోడకు కన్నం వేసి, పొడుగు తీగ లాగి, పెట్టెను చిన్నగదిలోకి తోశారు. అక్కడ ఎవరుంటారు గనక, అన్నాడు భర్త.

అక్కడ ఆమె ఉంటుంది. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి, ఫోనులో రికార్డు చేసి గ్రంథాలయానికి పంపుతుంది. ఆ ఇంట్లో ఆమె గొంతు జవాబు చెప్పడానికి కాకుండా పలికేది ఆ గదిలోనే. “అమ్మా, మీ వెనక ఏదో మిల్లు ఆడుతోంది” అని గ్రంథాలయం మేడమ్ ఫోన్ చేసింది. పరీక్షలు దగ్గరపడ్డాయనీ, మళ్లీ ఇలాగే వస్తే పుస్తకం ఇంకొకరికి ఇవ్వక తప్పదనీ మెత్తగానే చెప్పింది. ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె చేతులు ముడుచుకు కూర్చోలేదు. పాత చెప్పుల రబ్బరు కోసి పెట్టె కింద నాలుగు మూలలా పెట్టింది. బల్ల వణుకు తగ్గింది, హోరు తగ్గలేదు. అలమారాలో పెట్టి తలుపేస్తే చప్పుడు అణిగింది గాని, కాసేపటికే పెట్టె పెనంలా కాలి బొమ్మ ఆగిపోయింది. బయటికి తీసి ఫ్యాను పెడితే చల్లబడింది, కాని హోరుకు ఫ్యాను తోడైంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెట్టె వేడెక్కితే ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొస్తారు. పొయ్యి దగ్గర తను చెమటలు కక్కుతుంటే గాలి కావాలా అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. పోయిపోయి ఒక యంత్రం మీద అసూయ పడుతున్నానా అని నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

పెట్టెను హాల్లోకి మార్చమని భర్తను అడిగింది.

“కాస్త గట్టిగా చదువు. పిల్లలకి వినబడాలి, అంతేగా” అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో మ్యాచ్ మంచి పట్టు మీదుంది. ఆమె గది తలుపు వేసుకుని గట్టిగానే చదివి, విని చూసుకుంది. అది చదవడంలా లేదు, ఎవరినో కసురుతున్నట్టుంది. ఈ కసురు చెవుల్లో పెట్టుకుని ఆ పిల్లలు పాఠం నేర్చుకోవాలా? లేచి పెట్టె ఆపేసింది. తీగలన్నీ ఊడదీసింది. మళ్లీ మొదటి వాక్యం నుంచి, తన మామూలు గొంతుతో మొదలుపెట్టింది.

తలుపు తట్టారు. పేరు పెట్టి పిలిచారు. ఎప్పుడైనా మొదటి పిలుపుకే లేచే మనిషి, ఆ తట్టుళ్లు తర్వాత రికార్డులోంచి కత్తిరించుకోవచ్చులే అనుకుని, పాఠం చివరిదాకా చదివింది. అప్పుడు తలుపు తీసింది.

“బొమ్మ పోయిందేమిటి?” అన్నాడు భర్త.

ఆమె పెట్టెను రెండు చేతులా తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

“ఇంకా వేడిగానే ఉంది. ఇక మీరే చూసుకోండి” అని తలుపేసుకుని, తర్వాతి పాఠం తీసింది.