నలభై అయిదు వేగంలో రేవు దీపం

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకల్లా ఓర్ఫిలియా ఇంటి ముందుగదిలో కుర్చీలు నిండిపోయాయి. కొలంబియాలోని కాలీ నగరంలో పాత పాటల పిచ్చివాళ్లకు కొదవలేదు, పేటకో గుంపు ఉంటుంది. అయినా ఓబ్రెరో పేటలోని ఈ గుంపుది మాత్రం వేరే ధోరణి. దేవుడు మిగతా జనానికి చెవులిచ్చింది కమ్మలు పెట్టుకోవడానికనీ, వినడానికిచ్చింది తమకేననీ వాళ్ల గట్టి నమ్మకం.

హెర్మిన్సుల్ అందరికంటే ముందే వచ్చి కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఈస్టరు వెళ్లినప్పటి నుంచి అతనిది అదే చోటు. అక్కడ కూర్చుంటే వెలుతురు తన వెనక నుంచి పడి ఎదుటివాళ్ల ముఖాలు బాగా కనిపిస్తాయి, పెదాల కదలిక తెలుస్తుంది. నడుముకు ఎండ తగలాలని డాక్టరు చెప్పాడని అందరితో అనేవాడు. డాక్టరు చెప్పింది వేరు. నలభై ఏళ్లు నాట్యశాలలో స్పీకర్ల పక్కన నిలబడి రికార్డులు వేసిన చెవులు ఇక తిరిగిరావనీ, మిషను పెట్టినా గోల పెరుగుతుందే గానీ పాట వినపడదనీ చెప్పాడు. హెర్మిన్సుల్ ఆ కాగితాన్ని మడిచి బీరువాలో చొక్కాల కింద పెట్టేశాడు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. వారానికి ఒక్క ఆదివారం ఉంది, ఆ కుర్చీ ఉంది.

ఆ కుర్చీ నిలబడాలంటే ఒక కట్టుబాటు ఉంది. పాత తరం గాయకుడు ఎవరు ఊరికొచ్చి కచేరీ చేసినా, తర్వాతి ఆదివారం ఒక్కొక్కరూ తమ చెవితో విన్నది ఒక్కటి చెప్పాలి. ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదు. అద్భుతంగా ఉందనడం, కళ్లు చెమర్చాయనడం చెల్లవు. ఏ పాటలో, ఎక్కడ, ఏం విన్నావు? ఓర్ఫిలియా దాన్ని లావుపాటి నోటుపుస్తకంలో రాస్తుంది. చెప్పలేనివాడు మర్యాదగా కుర్చీ ఖాళీ చేయాలి. కచేరీలో ఫోను పైకెత్తి ఫొటోలు తీసుకునే బాపతును వదిలించుకోవడానికి, గుంపులో మొదటి నుంచీ ఉన్న ఎబెర్తో పెట్టిన నియమం అది. లిబార్దో అనే అతన్ని అలాగే పంపించారు. ఇప్పుడు బజారులో ఎదురుపడినా అతను ముఖం తిప్పుకుని పోతాడు.

ఎబెర్తో పోయి రెండేళ్లయింది. బతికున్నన్నాళ్లూ రికార్డు తిరుగుతుంటే ఒళ్లో ఇనప గంట పెట్టుకుని పాటతో పాటు కొట్టేవాడు. ఈ ఊళ్లో వినడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, ఎవరి వాయిద్యం వాళ్లు తెచ్చుకోవాల్సిందే. గుంపులోని మార్లేని మరకాస్ అనే గింజల గిలకలు ఆడించేది. ఆమె కూడా పోయినేడు కన్నుమూసింది. హెర్మిన్సుల్‌వి క్లావే కర్రలు, జానెడు పొడవున్న రెండు గట్టి కర్ర ముక్కలు. మన చిడతల కంటే చిన్నవి. వాటిమీద పడే అయిదు దెబ్బల మీదే పాటంతా నడుస్తుంది. కచేరీకి వెళ్లినా అవి చొక్కా జేబులోనే ఉంటాయి.

శుక్రవారం సాయంత్రం కొండవాలున ఆరుబయట కచేరీ చేసినవాడు నాందో ఇరిసారి, పోర్టో రికో మనిషి. ఎనభై మూడేళ్లు. వీడ్కోలు కచేరీ అని చెప్పి మూడేళ్లుగా ఏటా వస్తున్నాడు. ముసలాడికి గుమ్మం దాటడం చేతకావడం లేదని ఆల్దెమార్ ఎగతాళి చేసేవాడు. అయితే నాందోకు ఈ ఊరి మీద ఒక పాత కోపం ఉంది. అతని ‘రేవు దీపం’ పాట నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరిగే రికార్డు మీద వచ్చింది. నిదానమైన పాట, నిట్టూర్పులాంటి పాట. కాలీలో కుర్రకారు కాళ్లకు ఆ నిదానం చాలలేదు. ఒక శనివారం నాట్యశాలలో దాన్ని నలభై అయిదు వేగంలో పెట్టినవాడు మరెవరో కాదు, పాతికేళ్ల హెర్మిన్సులే. నాందో బొంగురు గొంతు సన్నబడి, చిన్నపిల్లవాడి గొంతులా పరుగెత్తింది. ఊరంతా ఊగిపోయింది. ఆ తర్వాత ఈ ఊరికి ఆ పాట అలాగే తెలుసు. నన్ను చిలకను చేసి ఆడించారని నాందో అలిగి, కాలీలో ఆ పాట పాడనని ఒట్టు పెట్టుకున్నాడు.

కచేరీలో హెర్మిన్సుల్‌కు ఏమీ వినపడలేదు. గుండెల మీద డోలు దెబ్బలు దడదడమనడం తప్ప మరొకటి లేదు. చెవిటివాడి ముందు శంఖమూదితే, పాపం దాన్ని కొరకడానికి ఎంత తంటాలు పడుతున్నాడో అన్నాడట. నాందో మైకు పట్టుకుని నోరు తెరుస్తుంటే హెర్మిన్సుల్‌కూ అలాగే అనిపించింది, తనమీద తనకే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అందుకని కళ్లతో ఏరుకోవడం మొదలెట్టాడు. నాలుగో పాట మధ్యలో బొంగోలనే జంట చిన్న డోళ్ల మీది చర్మం సడలింది. వాయించేవాడు కుడిచేత్తో వాయిస్తూనే ఎడమచేత్తో మర బిగించాడు. ఆదివారం చెప్పడానికి అది చాలనుకున్నాడు.

తర్వాత కళ్లు మూసుకున్నాడు. అప్పుడు పాట వినపడింది.

నీళ్లలోంచి తల పైకెత్తినట్టు ఒక్కసారిగా వినపడింది. పియానో, బాకాలు, వాటి మీద ఆ సన్నని, పరుగెత్తే గొంతు. రేవు దీపం. తను పెట్టిన వేగంలోనే. ముసలాడు చచ్చేలోపు అలక మానాడనుకున్నాడు, చెవులు ఒక్క పాటకు కరుణించాయనుకున్నాడు. మూడు నిమిషాలు ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. పాట అయ్యాక చెవులు మళ్లీ మూసుకుపోయాయి. ఈ రెండు రోజులూ ఎవరితోనూ కచేరీ ఊసెత్తలేదు. మాట్లాడితే దొరికిపోతానని భయం.

చీట్లు తీశారు. అతనికి చివరి వంతు వచ్చింది. ఓర్ఫిలియా కళ్లద్దాలు సవరించుకుని కలం తెరిచింది. లులో పళ్లరసం, వేడి జున్ను రొట్టెలు చేతులు మారాయి. రెండో పాటలో నాందో ఒక చరణం మింగేసి కోరస్ వాళ్ల మీదికి తోసేశాడని ఒకరు చెప్పారు. బాకా ఒకటి పైస్థాయిలో చీలిందనీ, దాన్ని కప్పిపుచ్చడానికి రెండోవాడు అపస్వరమే పట్టుకున్నాడనీ ఇంకొకరు చెప్పారు. ఆల్దెమార్ వంతు వచ్చింది. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి, నోరు హారను కంటే పెద్దది. నాలుగో పాటలో బొంగో చర్మం సడలి శ్రుతి దిగిపోతే, వాయించేవాడు ఆపకుండానే బిగించాడని చెప్పి, ఎక్కడ సడలిందో ఎక్కడ ఎక్కిందో బల్ల మీద వేళ్లతో కొట్టి మరీ చూపించాడు.

హెర్మిన్సుల్ నోట్లో రొట్టె ఎండిపోయింది. ఉన్న ఒక్క ముక్కా పోయింది. గదిలో ముఖాలన్నీ తనవైపు తిరిగాయి. లిబార్దో గుర్తొచ్చాడు. ఇక దాచుకున్నది బయటపెట్టక తప్పలేదు.

“రేవు దీపం పాడాడు కదా,” అన్నాడు. “మన వేగంలోనే పాడాడు. ఆ వయసులో ఆ గొంతు ఎక్కణ్ణుంచి తెచ్చాడో నాకర్థం కాలేదు.”

ఆల్దెమార్ ముందు నవ్వాడు. “ఒరే హెర్మీ, నువ్వెళ్లింది ఏ కచేరీకిరా? ముసలాడు ఆ పాట ఎత్తలేదు. జనం అరిచి అరిచి అడిగితే వేలు ఊపి పోయాడు.” అని పక్కవాళ్లను చూశాడు. వాళ్లు తలలూపారు. హెర్మిన్సుల్ ఒక్కొక్కరి పెదాలూ చూశాడు. ఒక్కరూ అవునని అనలేదు.

ఓర్ఫిలియా మాత్రం నవ్వలేదు. కలం పక్కన పెట్టింది. నోటుపుస్తకం పేజీలు వెనక్కి తిప్పడం మొదలెట్టింది. చాలా వెనక్కి పోయింది. ఎందుకో తెలియకుండానే హెర్మిన్సుల్ వీపు చల్లబడింది, కిటికీలోంచి ఎండ పడుతూనే ఉంది.

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చదివి వినిపించలేదని ఆమె చెప్పింది. నాందో మొదటి వీడ్కోలు కచేరీ తర్వాత, అందరూ వెళ్లిపోయాక ఎబెర్తో వంటగదిలోకి వచ్చాడట. నవ్వుతారేమోనని సిగ్గుపడుతూ, రాయి గానీ చదవకు అన్నాడట. ఆమె ఆ పేజీ చదివింది. నాందో రేవు దీపం మన వేగంలో పాడాడు. అన్నీ ఉన్నాయి గానీ గంట లేదు. గంట పడాల్సిన చోటల్లా ఖాళీగా ఉంది. అంతే రాసి ఉంది. నలభై రోజులకు ఎబెర్తో గుండె ఆగింది.

రెండో ఏడాది మార్లేని. ఆమె కూడా వంటగదిలోనే చెప్పింది. రేవు దీపం పాడాడు, గంట ఉంది. బద్ధకంగా, ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడే దెబ్బ. అది ఎబెర్తో చెయ్యి, ఒట్టు. కానీ మరకాస్ లేవు. ఆ ఏడు డిసెంబరు సంబరాలకు ముందే ఆమె నిద్రలో పోయింది.

నాలుగు గంటల గాలి కొండల మీంచి దిగి కర్టెన్లు ఊపింది. రోజూ ఆ గాలి కోసం ఎదురుచూసే జనం, ఆవేళ దాన్ని పట్టించుకోలేదు. ఆల్దెమార్ మొహంలో నవ్వు ఉన్నచోటనే గడ్డకట్టింది.

“నీ పాటలో ఏం లేదు, తమ్ముడూ?” అని అడిగింది ఓర్ఫిలియా.

హెర్మిన్సుల్‌కు గుర్తుచేసుకోవాల్సిన పని లేకపోయింది. శుక్రవారం నుంచీ అది ఒంట్లో ముల్లులా ఉంది. గంట ఉంది, మరకాస్ ఉన్నాయి. మార్లేని చరణం చివర మణికట్టు తిప్పి విదిలించే ఆ విదిలింపు కూడా ఉంది. విన్నప్పుడు బృందంలో ఎవరో ఆమె తీరు నేర్చుకున్నారనుకున్నాడు. ఆ కింద, పాటంతా నిలబడాల్సిన అయిదు దెబ్బలు లేవు. బృందం మొత్తం కుంటుతోంది. ఆగి ఆగి, ఎవరో వస్తారని తలుపువైపు చూస్తున్నట్టు నడుస్తోంది.

“క్లావే లేదు,” అన్నాడు. అతని చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి వెళ్లింది.

ఓర్ఫిలియా లేచి వచ్చి అతని ఎదురుగా, వెలుతురులో, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చుంది. పెదాలు నిదానంగా కదిలిస్తూ మాట్లాడింది. అప్పుడు అతనికి తెలిసింది, ఆమెకు తెలుసని. అతని చెవులు పోయిన సంగతి ఈస్టరు నుంచే ఆమెకు తెలుసు.

“నాకేమీ వినపడలేదు, చెవుడొచ్చింది, పాత జ్ఞాపకమేదో పలికాను అను,” అంది. “ఆ ఒక్క మాట అనేయి. నేను రాయను. రాయించిన ఇద్దరూ పోయారు, రాయకపోతే ఏమీ జరగదు.”

ఆల్దెమార్ కూడా ముందుకు వంగాడు. కట్టుబాటు గిట్టుబాటు ఏట్లో కలవనీ, కుర్చీ ఎవడూ లాక్కోడులేరా, జీవితాంతం కూర్చో అన్నాడు. అతను గట్టిగానే అని ఉంటాడు. హెర్మిన్సుల్‌కు పెదాలు మాత్రమే కనిపించాయి. ఆ పెదాల మీద అంత ప్రేమ ముప్పై ఏళ్లలో ఎన్నడూ చూడలేదు.

అంటే చాలు, బతుకుతాడు. ప్రతి ఆదివారం వచ్చి ఇక్కడే కూర్చుంటాడు. రికార్డు తిరగడం చూస్తాడు. జనం ఊగడం చూసి తనూ ఊగుతాడు, వాళ్లు నవ్వితే తనూ నవ్వుతాడు. పదేళ్లో, పదిహేనేళ్లో. విన్నది వినలేదని చెప్పి సంపాదించుకున్న ఏళ్లు. భయం వేసింది, లేదని కాదు. కానీ అటువైపు వాళ్లు పాట మొదలుపెట్టేశారు, తాళం లేకుండా కుంటుతున్నారు. క్లావే వాయించేవాడు దాన్ని విని ఊరుకోలేడు.

“విన్నానక్కా,” అన్నాడు. “నిజంగా విన్నాను. రాయి.”

ఆమె తల అడ్డంగా ఊపింది. చేతులు గట్టిగా ముడుచుకుని ఒళ్లో పెట్టుకుంది. రాయనని మొండికేసింది, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

హెర్మిన్సుల్ లేచాడు. బల్ల దగ్గరికి నడిచి నోటుపుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. చివర రాసిన పేజీ తీసి, కలం అందుకున్నాడు. ఎవరో చెయ్యి అతని భుజం మీద పడింది, బహుశా ఆల్దెమార్‌ది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆ పెదాలు మళ్లీ ఏదో అంటాయి.

తారీఖు వేశాడు. తన పేరు రాశాడు. రేవు దీపం, నలభై అయిదు వేగంలో అని రాశాడు. గంట ఎబెర్తోది అని రాస్తూ ఆగిపోయాడు.

కాగితం మీద కలం గీసుకున్న చప్పుడు, సన్నగా, స్పష్టంగా, అతనికి వినపడింది.