ఎడమ చెయ్యి కుట్టే ఎస్తేరు

ఫ్యాక్టరీకి క్రిస్మస్ జూన్‌లో వస్తుంది. ఓడలెక్కి పోవాల్సిన ఎర్ర గౌన్లు, మంచుబొమ్మల పైజమాలు ఎండలు పూర్తిగా పోకముందే కుట్టుమిషన్ల లైన్ల మీదికి దిగుతాయి. జూన్, జూలై రెండు నెలలూ ఓవర్‌టైమ్. నీళ్ళు తాగడానికి లేచినా సూపర్‌వైజర్ గడియారం చూస్తాడు. ఎస్తేరు చేతిలో నాలుగు రూపాయలు ఆడేది అప్పుడే. ఈసారి ఆ డబ్బు బడి ఫీజులకూ, అత్త కంటి ఆపరేషన్‌కూ పోయింది. అసలు క్రిస్మస్ వచ్చేసరికి హిందూపురంలో ఆర్డర్లుండవు. వారంలో రెండు రోజులు ఇంటికాడే ఉండమంటారు. ఇంటికాడ ఉన్న రోజుకు జీతం లేదు. ఎక్కడి పిల్లల పండుగకో వీళ్ళ నడుములు విరగాలి, వీళ్ళ పిల్లల పండుగకు మాత్రం పని ఉండదు. దీన్ని అన్యాయం అని ఎవరూ అనరు. సీజన్ అంటారు.

ఈ ఏడు మొగుడు యేసోబు పని కూడా పోయింది. పెనుకొండ దగ్గర కార్ల సామాన్ల కంపెనీలో కాంట్రాక్టర్ కింద చేసేవాడు. కాంట్రాక్టర్ మారాడు, కొత్తవాడు తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. యేసోబు ఇప్పుడు ధర్మవరంలో ఇళ్ళకు రంగులు వేస్తున్నాడు. పని దొరికిన రోజు వేస్తాడు, దొరకని రోజు బస్టాండులో కూర్చుంటాడు.

డిసెంబరు మొదలైనప్పటి నుంచి ఎస్తేరు పిల్లలకు అబద్ధాలే చెబుతోంది. నాలుగో తరగతి దీవెన, ఒకటో తరగతి ఇమ్మూ రోజూ అడుగుతారు.

"మా, గుడ్డలకు ఎప్పుడు పోదాం?"

"మీ నాయన రానీ."

నాయన వచ్చాడు, పోయాడు.

"నాయన వచ్చినాడు కదా?"

"జీతం పడనీ."

జీతం పడింది, పడినరోజే అయిపోయింది. క్రిస్మస్ పొద్దున చర్చికి పాతగుడ్డలతో పోయే పిల్లల్ని ఎవరూ ఏమీ అనరు. అనకుండా చూస్తారు, అంతే. ఆ చూపు ఎస్తేరుకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఒక శనివారం సాయంత్రం షేర్ ఆటోలో ఇరుక్కుని వస్తూ, ఇక చెప్పేయాలనుకుంది. ఏ మాటతో మొదలుపెట్టాలో దారి పొడుగునా కూడబలుక్కుంది.

ఇంటికి వచ్చి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఆమె నోరు తెరిచేలోపే దీవెన అందుకుంది.

"మా, నాకు అంగడి గౌను వద్దులే."

"ఏమిటికే?"

"దుడ్లు లేవు కదా. నువ్వూ నాయనా ఫోన్లో మాట్లాడుకుంటాంటే విన్నా."

మంచం కింద నుంచి ఒక సంచి లాగింది దీవెన. అందులో చర్చిలో తీసేసిన పాత తెల్ల కర్టెన్లు.

"సండేస్కూలు ఉషారాణి టీచర్ ఇచ్చింది. క్రిస్మస్ నాటకంలో నేను దేవదూత. మాయమ్మ ఫ్యాక్టరీలో గౌన్లు కుడతాది, గుడ్డ ఇస్తే చాలు, బిరీన కుట్టేస్తాది అని చెప్పినా. పైసా ఖర్చు లేదు."

ఎస్తేరుకు ముందు ప్రాణం లేచి వచ్చినట్టయింది. బిడ్డే అర్థం చేసుకుంది, బిడ్డే దారి చూపించింది. ఆ గుడ్డను ఒళ్ళో పరుచుకుని తడిమింది. తడుముతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నాకు గౌను కుట్టేది రాదు పాపా."

దీవెన నవ్వింది. అక్క నవ్విందని ఇమ్మూ కూడా నవ్వాడు.

"ఊరికే చెప్తాండావు."

"లేదే. నేను గౌనుకు ఎడమ చెయ్యి మాత్రమే వేస్తా. గౌను నా కాడికి వచ్చేసరికి ముందరిదీ ఎనకదీ కలిసుంటాది. నేను ఎడమ చెయ్యి అతికిచ్చి పక్కకు తోస్తా. కుడి చెయ్యి మంజుల వేస్తాది. మెడ మాబున్నీ. అంచు ఇంకొకామె."

"మరి గౌను ఎవురు కుట్టినట్టు?"

పదేళ్ళలో ఎస్తేరును ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, తనకు తానూ వేసుకోలేదు.

"ఇన్నేండ్లూ ఏం నేర్చుకున్నావు మరి? అందరికీ చెప్పినా నేను," అని దీవెన గోడవైపు తిరిగి పడుకుంది. ఏడ్చి ఉంటే కొంచెం నయంగా ఉండేది.

పదేళ్ళు మిషన్ మీద వంగిన మనిషికి కన్నబిడ్డకు గౌను కుట్టడం రాకుండా ఉంచడం కూడా ఫ్యాక్టరీ తెలివే. మొత్తం పని వస్తే ఆ మనిషి ఇంట్లో మిషన్ వేసుకుని తన బతుకు తాను బతుకుతుంది. ముక్కే వస్తే తెల్లారి గేటు కాడ నిలబడుతుంది. ఎస్తేరు ఇంత దూరం ఆలోచించలేదు. నడుము నొప్పిగా ఉంది, బియ్యం కడగాలి.

"మా, నాకో?" అన్నాడు ఇమ్మూ.

"నీకు ఈ తూరి ఏమీ లేదురా."

"వచ్చే తూరి?"

"తెలీదు నాయనా."

పండుగ గుడ్డల గురించి ఆ నెలలో ఆమె చెప్పిన మొదటి నిజాలు ఆ రెండూ. వాడు ఆకలవుతోందన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఎస్తేరు సంచి తీసుకుని పక్కింటి మాబున్నీ దగ్గరికి పోయింది. మాబున్నీ ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టుకునే పాత కాలిమిషన్ ఒకటి ఉంది.

"మెడ నేను వేస్తాలేక్కా. కత్తిరించేది ఎవురు?" అంది మాబున్నీ.

"నీకు రాదా?"

"కటింగు మగోళ్ళది కదా. మనల్ని ఆ పక్కకు రానిస్తారా?"

చివరికి దీవెన పాత గౌను ఒకటి తెచ్చి కుట్లన్నీ విప్పారు. ఆ ముక్కల్ని కర్టెన్ గుడ్డ మీద పరిచి, పిల్ల పెరిగింది కదా అని చుట్టూ నాలుగు వేళ్ళు ఎక్కువ వదిలి కత్తిరించారు. ఒక పక్క నాలుగు వేళ్ళు ఆరు వేళ్ళయ్యాయి. మాబున్నీ పక్క కుట్లు కిందామీదా పడి వేసింది, మెడ మాత్రం చకచకా తిప్పేసింది. ఎడమ చెయ్యి ఎస్తేరు కళ్ళు మూసుకున్నా వేయగలదు. గుడ్డ దానంతటదే తిరిగినట్టు తిరిగింది.

కుడి చెయ్యి దగ్గర కథ అడ్డం తిరిగింది. మంజులేమో తల్లికి బాగలేదని పుట్టిల్లు రొళ్లకు పోయి ఉంది. ఎస్తేరే కూర్చుంది. వేళ్ళు ఎడమకే పోతున్నాయి. గుడ్డ కుప్పగా ముడతలు పడింది. విప్పి మళ్ళీ వేసింది. ఈసారి చెయ్యి వెనక్కి తిరిగి నిలబడింది. మళ్ళీ విప్పింది.

"యేసుప్రభువు చూస్తే నవ్వుతాడేమోక్కా," అంది మాబున్నీ.

"నవ్వనీలే. పుట్టినప్పుడు ఆయప్పకు మాత్రం గుడ్డలు సరిగా ఉన్న్యాయా?"

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఎస్తేరు నుదురు మిషన్ మీద ఆనించింది. మాబున్నీ టీ పెట్టడానికి లేచింది. టీ తాగాక వేసిన కుడి చెయ్యి ముడతలతోనే నిలిచిపోయింది.

దీవెన గౌను తొడుక్కుని అద్దంలో చూసుకుంది. ఎడమ చెయ్యి చూసింది. కుడి చెయ్యి చూసింది.

క్రిస్మస్ పొద్దున యేసోబు ధర్మవరం నుంచి వచ్చాడు, చెవుల వెనక ఇంకా ఎవరింటి గోడ రంగో ఉంది. ఇమ్మూ నిరుటి చొక్కా వేసుకున్నాడు. పొట్ట మీద గుండీ పట్టక వదిలేశారు. ఎస్తేరు చర్చిలో వెనక చాప మీద కూర్చుంది. చూసేవాళ్ళు చూశారు.

నాటకంలో దీవెన పక్కకు తిరిగి నిలబడింది. జనానికి ఎడమ చెయ్యి, గోడకు కుడి చెయ్యి. నేరుగా తిరగమని ఉషారాణి టీచర్ పక్క నుంచి సైగ చేసింది. దీవెన తిరగలేదు. చెప్పాల్సిన మాటలన్నీ అట్లా పక్కకు నిలబడే, గట్టిగా, తడుముకోకుండా చెప్పి దిగింది. వెనక చాప మీద నుంచి ఎస్తేరుకు ఆ ఎడమ చెయ్యి కుట్టే కనబడుతోంది. ఎక్కడా ముడత లేదు.

ఇంటికి నడిచి వస్తుంటే సందు మలుపులో దీవెన అంది.

"మా, వచ్చే తూరికి కుడి చెయ్యి కూడా నేర్చుకో."

"మంజుల రానీ, అడుగుతా."

ఇది కూడా 'నాయన రానీ' లాంటి మాటేనా అని దీవెన ఆగి, అమ్మ మొహంలోకి చూసింది.