ఏడో పేజీ

రెండో కీబోర్డు తుడవడం అయిపోయింది. స్పిరిట్ గుడ్డను మడతపెట్టి ఆమె మూడో కుర్చీ దగ్గరికి వచ్చింది. ఆ బల్ల తుడవాలంటే మాత్రం ఆమెకు చేతులు రావు. రెండు విదిలింపులు విదిల్చి, కుర్చీని కాలితో లోపలికి తోసి వచ్చేసింది. కుర్చీ చేసిన పాపం ఒక్కటే. పది దాటాక కండక్టర్ వచ్చి కూర్చునేది అందులోనే మరి.

పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఈ లైబ్రరీ ఉద్యోగి. మొదటి పదేళ్ళు పుస్తకాల కార్డులు రాసింది. కార్డుల డ్రాయర్లు అటకెక్కాక ఆమెను ఈ కంప్యూటర్ గదిలో పడేశారు. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకు ఆగిపోయిన గడియారం. వచ్చినవాళ్ళకు దరఖాస్తులు నింపిపెట్టడం, మరిచిపోయిన పాస్‌వర్డులు మార్చిపెట్టడం ఉద్యోగం. అది జీతానికి చేసే పని. ప్రాణం పెట్టి చేసే పని ఇంకొకటుంది.

ఐదేళ్ళ కిందట టీవీలు బాగుచేసే మెకానిక్ ఒకడు తన కొట్లో అలమరా మీద చిన్న కంప్యూటరు పెట్టి ఊరివాళ్ళ కోసం ఒక సర్వర్ మొదలుపెట్టాడు. నాలుగు మాటలు రాసుకోవడానికి, ఫొటోలు పెట్టుకోవడానికి. పైన కంపెనీ లేదు, మధ్యలో ప్రకటనలు లేవు. అలాంటి చిన్న సర్వర్లు లోకంలో వేలకు వేలున్నాయి. దేనికది వేరే ఇల్లు. అయినా ఈ ఇంట్లోవాళ్ళు ఆ ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోవచ్చు. వినడానికి బాగానే ఉంటుంది గానీ కొత్తవాళ్ళకు గడప దాటడమే గండం. ఏ ఇంట్లో చేరాలి, పేరు వెనక అంత పొడుగు అడ్రసు ఎందుకు, లోపలికొస్తే మనిషి జాడ కనబడదేం అని బెంబేలెత్తి, మూడో రోజుకల్లా పారిపోతారు. అలా పారిపోకుండా పట్టుకునే పని ఆమె తన నెత్తినేసుకుంది. ఎవరు చేరినా, వాళ్ళ మొదటి మాటకు మొదటి జవాబు ఆమెదే. అందుకే అందరూ ఆమెను గడపక్క అన్నారు.

ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఇంట్లో ఆమెకెప్పుడూ ముద్దుపేరు లేదు. చిన్నప్పుడు చెల్లెలికి అక్షరాలు దిద్దించింది ఆమె, లెక్కలు నేర్పింది ఆమె. బడిలో బహుమతులు వచ్చింది చెల్లెలికి. "నా బంగారం ఎంత తెలివైందో" అని అమ్మ చెల్లెల్ని ఒళ్ళోకి లాక్కుంటే, పలక చేత్తో పట్టుకుని పక్కనే నిలబడింది ఆమె. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ పలక ఆమె చేతిలోంచి దిగలేదు.

ఏడాదిన్నర కిందట కండక్టర్ వచ్చాడు. బస్సుల్లో ముప్పై ఏళ్ళు నిలబడి నిలబడి నడుము పోగొట్టుకున్న రిటైరైన మనిషి. మౌసును గంట తాడు లాగినట్టు లాగేవాడు. పద్నాలుగు రోజులు పక్కన కూర్చుని నేర్పింది. ఏకు మేకయిందంటే ఇదే. ఇప్పుడు కొత్తవాళ్ళకు మొదటి జవాబు ఆయనది. మొదటి బస్సు ఎక్కే అలవాటుకొద్దీ నాలుగింటికే లేస్తాడు. ఆమె లేచి మొహం కడుక్కునేసరికి రాత్రి చేరినవాళ్ళందరికీ పలకరింపులు అయిపోయి ఉంటాయి.

ఈ ఉదయం కూడా అంతే. "రండి రండి, ముందుకు జరగండి, లోపల బోలెడు ఖాళీ! మెట్టు మీద నిలబడొద్దు" అని ఎవరికో రాశాడు. దానికి నలభై ఆరు మంది నచ్చిందని నక్షత్రం గుర్తు కొట్టారు. అదే మనిషికి ఆమె రాసిన పన్నెండు వరుసల జవాబుకు రెండు. ఆ రెండిట్లో ఒకటి కండక్టర్ కొట్టిందే. అది మరీ కాలింది ఆమెకు.

పదింటికి బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. మెళ్ళో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చింది.

"కుట్టినవి ఫొటోలు పెడితే పదిమందీ చూస్తారని మా ఆడపడుచు చెప్పిందండీ. నాకేమో ఇందులో ఓనమాలు రావు."

"కంగారేం లేదు, కూర్చోండి" అని ఆమె తన పుస్తకం చేతిలో పెట్టింది. పదకొండు పేజీలు. తనే టైపు చేసి, బొమ్మలు వేసి, పిన్ను కొట్టింది. కాకి పిల్ల కాకికి ముద్దు. ఆ పుస్తకాన్ని చివరిదాకా చదివినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు.

సర్వరంటే ఏమిటో మూడు రకాలుగా చెప్పింది. కుట్టే ఆవిడ మూడుసార్లూ తల ఊపి, నాలుగోసారి "అయితే అవతలి సర్వర్‌లో మా ఆడపడుచుంది కదా, దానికి కనబడాలంటే నేను అక్కడ కూడా చేరాలా?" అంది. ఆమె ఊపిరి బిగబట్టి ఏడో పేజీకి వెళ్ళింది. ఆ పేజీలో మాటలకు రెండు గీతలు గీసి ఉంటాయి.

"ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎవరి పేరుకైనా ముందు ఈ గుండ్రటి 'ఎట్' గుర్తు పెడితే వాళ్ళకు కబురు పోతుంది. చాటుగా ఒకరికే రాసే ఉత్తరంలో పెట్టినా సరే, ఆ పేరుగల మనిషికీ ఉత్తరం మొత్తం వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళందరూ ఇక్కడే బోల్తా పడతారు."

"అమ్మో, అయితే అత్తగారి మీద చాడీలు చెప్పేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలన్నమాట!"

ఆమె నవ్వలేదు. తలుపు దగ్గర ఇంకెవరో నవ్వారు. చంకలో ముదురు ఎరుపు దిండుతో కండక్టర్ నిలబడి ఉన్నాడు. మధ్యలో పల్లం పడ్డ పాత దిండు. దాన్ని రోజూ తెచ్చుకుంటాడు, రోజూ పట్టుకెళ్తాడు. ఇక్కడే ఉంచుకుంటానని ఒకసారి అడిగితే, సొంత సామాన్లు వదలకూడదని రూలుందని ఆమే చెప్పింది. అలాంటి రూలేం లేదు.

దిండు మూడో కుర్చీలో వేసుకుని, నెమ్మదిగా వాలి, "ఏ డిపో బస్సమ్మా మీది?" అన్నాడు కుట్టే ఆవిడతో.

"డిపో ఏంటి బాబాయ్ గారూ?"

"బస్సు ఏ డిపోదైతేనేం, రోడ్డు అందరిదీనూ. మీ ఆడపడుచు ఆ డిపో బస్సులో కూర్చుంది, మీరు ఈ డిపో బస్సులో కూర్చున్నారు. ఎదురుపడితే కిటికీలోంచి చెయ్యి ఊపుకోరూ? అంతే."

"ఓస్, ఇంతేనా!" అంది ఆవిడ, కుర్చీని అటు తిప్పేసుకుంటూ.

అరగంట సేపు ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ మొదటి మాట రాసింది, ఫొటో పెట్టింది, పెట్టిన ఐదు నిమిషాలకే ఆడపడుచు నుంచి జవాబొస్తే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మధ్యలో కండక్టర్ రెండుసార్లు "ఇది గడపక్కనడగాలి, నాకు తెలీదు" అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడలేదు. చప్పట్లు మాత్రం పడ్డాయి. వెళ్ళేటప్పుడు ఆవిడ "వస్తాను బాబాయ్ గారూ" అంది. ఆమెకు తల ఊపింది. పదకొండు పేజీల పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది.

ఒంటిగంటకు కండక్టర్ టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. ఆమె అన్నం డబ్బా తెరిచి, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, మూత పెట్టేసింది. ఆకలి లేదు. కడుపులో ఉన్నది మంట. తనకు అది అసూయ అని తెలుసు. తెలిస్తే చల్లారేది కాదది. ఎడమచేత్తోనే కీబోర్డు దగ్గరికి లాక్కుని మెకానిక్‌కు చాటు ఉత్తరం రాసింది.

"తమ్ముడూ, ఈ కండక్టర్ గారు కొత్తవాళ్ళకు తప్పులు చెబుతున్నారు. నవ్వించడం తప్ప నేర్పడం రాదు. ముసలాయన పొద్దుపోక చేసే పని. ఇకమీదట కొత్తవాళ్ళకు ఆయన జవాబులివ్వకుండా నువ్వే చూడాలి."

తప్పులు చెబుతున్నాడన్నది అబద్ధమని ఆమెకు తెలుసు. అయినా రాసింది. ఐదేళ్ళుగా ఎవరి పేరు రాయాలన్నా ముందు ఆ గుర్తు కొట్టడం వేళ్ళకు అలవాటు. గుర్తు కొట్టి రెండక్షరాలు కొడితే మిగతా పేరు దానంతటదే వచ్చి కూర్చుంది. పంపించేసింది. పంపాక ఆకలేసింది. డబ్బా ఖాళీ చేసి, కడిగి, బోర్లించింది.

రెండున్నరకు కండక్టర్ తిరిగొచ్చి కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. చాలాసేపు మౌసు కదల్లేదు. ఆమె ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగుతూ ఉంది.

"తల్లీ" అన్నాడు చివరికి. "సర్వర్ మారాలంటే ఎలాగమ్మా?"

ఆమె చేతిలో కాగితం చిరిగింది. "ఎవరికండీ?"

"నాకే. మా పాత డిపో వాళ్ళంతా ఇంకోచోట ఉన్నారు. ఏడాదిగా రమ్మంటున్నారు. పోదామని."

"ఇంత హఠాత్తుగానా?" అంది మర్యాదకు. లోపల గుండె ఎగిరి గంతేసింది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది ఆమెకు.

"ఎక్కినవాడు ఎప్పుడో దిగాలి కదమ్మా."

పక్కన కుర్చీ వేసుకుంది. కొత్త ఇంట్లో ముందు పాత అడ్రసు చెప్పాలి, తర్వాత పాత ఇంట్లో కొత్త అడ్రసు చెప్పాలి, అప్పుడు మీ వెంట ఉన్నవాళ్ళంతా మీతో వచ్చేస్తారు అని ఒక్కొక్క మెట్టే చూపించింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఐదేళ్ళలో ఎవరికీ అంత చక్కగా నేర్పలేదు. చేరేవాళ్ళ దగ్గర లేని ఓపిక, పోయేవాడి దగ్గర ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో!

"మరి ఇన్నాళ్ళూ రాసినవో?"

"అవి రావండీ. ఇక్కడే ఉండిపోతాయి."

"ఉండనీలే" అన్నాడు. "ఆఖరు మీట నొక్కేముందు ఒక్క ముక్క రాసుకోనా?"

"రాసుకోండి" అని ఆమె మర్యాదగా కిటికీ వైపు తిరిగింది. ఒంటి వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు రాశాడు. తర్వాత పాస్‌వర్డు కొట్టాడు. తెర మీద పని అయిపోయిందని వచ్చింది. లేచి, నడుము పట్టుకుని నిలబడి, "నువ్వు నేర్పితే ఏదైనా వస్తుందమ్మా" అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఐదింటికి మెకానిక్ జవాబు వచ్చింది.

"అక్కా, కొట్లో రద్దీ, ఇప్పుడే చూశాను. ఆయన పేరు ముందు గుర్తు పెట్టావు. ఇది బాబాయ్‌కి కూడా వెళ్ళింది. చెరిపేయనా? చూసి ఉండరేమోలే."

ఆమె ఆ జవాబు రెండుసార్లు చదివింది. చూడకపోవడమేమిటి! ఒంటిగంటకు పంపింది. రెండున్నరకు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంతా చదువుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, వెళ్ళే దారి ఆమెనే అడిగి తెలుసుకున్నాడు. ఆమె సంతోషంగా చెప్పింది.

ఆయన పాత పేజీ తెరిచింది. ఈ మనిషి వేరేచోటికి మారిపోయారని పైన ఒక బోర్డు. కింద ఆఖరి ముక్క.

"నేను దిగుతున్నాను. నా సీటు ఖాళీ. కొత్తగా ఎక్కేవాళ్ళు గడపక్కనడగండి. నేను చెప్పిన రూటంతా ఆమె నేర్పిందే. ఆమె పుస్తకం పదకొండు పేజీలూ చదవండి. నేను రెండుసార్లు చదివాను."

సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. ఆ పుస్తకం చదివిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, రాసిన తనే బోల్తా పడిన ఏడో పేజీతో సహా. కొత్త అడ్రసుకు "కండక్టర్ గారూ" అని రాసింది. తర్వాత ఏం రాయాలో తెలియక చెరిపింది. "బాబాయ్ గారూ" అని రాసింది. ఏడాదిన్నరలో ఎన్నడూ అలా పిలవలేదు. ఇప్పుడు పిలిస్తే పలకమని అడిగే మొహమేదీ? అదీ చెరిపింది.

తెర మీద కొత్త పేరొకటి వచ్చింది. "నమస్కారం. ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" పది నిమిషాలు గడిచినా ఎవరూ పలకలేదు. మొదటి జవాబు మళ్ళీ ఆమెదే. కోరుకున్నది చేతికొచ్చింది. "ఉన్నాను, రండి" అని రాసి, ఇంకేమీ తోచక పంపించింది.

ఆరింటికి కిటికీలు మూసింది. మొదటి కుర్చీ లోపలికి జరిపింది, రెండోది జరిపింది. మూడోదాని వీపు పట్టుకుని, జరపకుండా చెయ్యి తీసేసింది. ఏడాదిన్నరగా ఒక్క సాయంత్రం కూడా ఇక్కడ ఉండనివ్వని ఎర్ర దిండు, మధ్యలో పల్లంతో, ఆ కుర్చీలోనే ఉంది.