ఇసుకరాతి సందులో పూతరేకులు

జ్ఞానానందం పుట్టింది పాలకొల్లు దగ్గర పల్లపు నేలలో. అక్కడ ఎత్తయినదంటే కాలవగట్టు. అంతకంటే ఎత్తు కావాలంటే చర్చి మీదున్న గంట. అలాంటివాడు యాభయ్యో పడికి దగ్గరపడ్డాక, జర్మనీలో, ఒక శనివారం పొద్దున ఇసుకరాతి కొండ సందులో అడ్డంగా ఇరుక్కుపోయి, వెనక పద్నాలుగు మంది వరసకట్టి నిలబడి ఉండగా చెమటలు కక్కాడంటే, ఆ తప్పు కొండది కాదు. ఆయన నోటిది.

ఆయన బెర్లిన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజరు. ఇతరుల పనిలో తప్పులు పట్టుకోవడమే ఉద్యోగం. మార్చిలో ఆయన రక్తంలోనే తప్పు దొరికింది. షుగర్ హద్దు దాటిందని డాక్టరు కాగితం మీద గీత గీసి మరీ చూపించాడు.

ఆ కాగితం భార్య ఏసుకుమారి చేతిలో పడింది. ఆవిడ కిటాలో, అంటే ఇంకా బడి ఈడు రాని పిల్లలుండే చోట, వంట చేస్తుంది. నూరు మంది పిల్లల చేత క్యారెట్ తినిపించగలిగిన మనిషికి ఒక మొగుడు లెక్కా? మర్నాటికల్లా బియ్యం డబ్బా అటక మీదికి వెళ్లింది. రాగిసంకటి, కొర్రన్నం, ఓట్స్ ఉప్మా దిగాయి.

"ఆయన ముందు కూర్చుని మనం తెల్లన్నం తింటే ఆయన మనసు కొట్టుకోదూ? ఇంటిల్లిపాదికీ ఒకటే పత్యం" అని తీర్మానించింది.

"అబర్ మమ్మీ, నాకు షుగర్ లేదు కదా!" అని పదమూడేళ్ల జెనిఫర్ మొత్తుకుంది. ఆ పిల్ల 'కానీ' అనాల్సిన చోటల్లా 'అబర్' అంటుంది. దాని గోడు ఏ భాషలోనూ ఎవరూ వినలేదు.

మూడు నెలలు గడిచాయి. మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే షుగర్ తగ్గకపోగా ఇంకాస్త ఎక్కింది. డాక్టరు భుజాలెగరేశాడు. ఏసుకుమారి ఆ రాత్రి వంటింట్లో నిలబడి కళ్లొత్తుకుంది.

"నా వంటలోనే ఏదో లోపం ఉందండీ. ఎక్కడుందో తెలియట్లేదు" అంది.

జ్ఞానానందానికి ఎక్కడుందో బాగా తెలుసు. సెల్లార్‌లో, సైకిలు వెనక, పాత సూట్‌కేసులో ఉంది. పాలకొల్లులో ఉన్న అక్కగారికి తమ్ముడంటే ప్రాణం. ఆ వైపు నుంచి బెర్లిన్ వచ్చేవాళ్లెవరైనా ఆవిడ పొట్లం మోయకుండా విమానం ఎక్కలేరు. సున్నుండలు, మడతకాజాలు, పూతరేకులు. రోజూ సాయంత్రం ఆయన "సైకిలుకి గాలి కొట్టొస్తా" అని కిందికి దిగేవాడు. మూడు నెలలుగా అంత గాలి తాగుతున్న సైకిలు ఆ వీధిలో మరొకటి లేదు.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. వచ్చిన మాటని మింగేశాడు. మింగడం ఆయనకి అలవాటే.

"వంటతో కానిది కొండలతో అవుతుందేమో" అంది ఏసుకుమారి వారం తర్వాత. కిటాలో ఎవరో చెప్పారట, పేరులో స్విట్జర్లాండ్ ఉన్నా జర్మనీలోనే ఉన్న సాక్సన్ స్విట్జర్లాండ్ నేషనల్ పార్కులో ఇసుకరాతి కొండలున్నాయి, లోయల్లోంచి, సందుల్లోంచి నడకదారులున్నాయి, ఒక్కరోజు తిరిగితే ఒళ్లంతా కరుగుతుందని. శనివారానికి టికెట్లు కొనేసింది.

సరిగ్గా శుక్రవారం సాయంత్రం మెట్ల దగ్గర నోటీసు వేలాడింది. రేపు సెల్లార్లు ఖాళీ చేయించి శుభ్రం చేస్తారట. జ్ఞానానందం సూట్‌కేసు ఖాళీ చెయ్యక తప్పలేదు. బ్యాగు సర్దేది ఏసుకుమారి, బీరువా సర్దేదీ ఆవిడే. మిగిలింది ఆయన ఒంటిమీది జాకెట్టు ఒక్కటే. దానికి లోపలా బయటా కలిపి తొమ్మిది జేబులు. సున్నుండల స్టీలు డబ్బా వీపు వైపు జేబులోకి, కాజాల పొట్లాలు పక్కజేబుల్లోకి, పూతరేకుల అట్టపెట్టె గుండెల మీదికి చేరాయి. కొండ మీదికెక్కాక ఫోటోలు తీస్తానని పక్కకి వెళ్లి పని పూర్తి చేసుకోవచ్చని పథకం.

"జూన్ నెలలో ఈ జాకెట్టేంటండీ?" అంది ఏసుకుమారి రైల్లో.

"కొండల్లో వాతావరణం నమ్మకూడదు."

రైలు దిగి, నది దాటి, అడవిలోకి నడిచారు. దారికి రెండు వైపులా రాతిగోడలు లేచి నిలబడ్డాయి, ఎవరో దిబ్బరొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. జ్ఞానానందానికి ప్రతి రాయీ తినేదానిలాగే కనిపించింది. లోయ అడుగున నాచు, చల్లటి గాలి. గోడని ముట్టుకుంటే ఇసుక వేళ్లకి అంటుతోంది. పైకెక్కే కొద్దీ దారి సన్నబడింది. ఇనప మెట్లు వచ్చాయి. చివరికి కొండ రెండుగా చీలిన చోటికి చేరారు. మూరెడు వెడల్పు సందు, లోపల నిటారుగా రాతిమెట్లు. ఇది ఎక్కే దారే తప్ప దిగే దారి కాదని అక్కడ బోర్డు ఉంది.

"బ్యాగులు విప్పి చేత్తో పట్టుకోవాలట" అని బోర్డు చదివింది జెనిఫర్.

జ్ఞానానందం బ్యాగు విప్పి కూతురికిచ్చాడు. "జాకెట్టు కూడా విప్పండి" అంది ఏసుకుమారి.

"అక్కర్లేదు. ఈ మధ్య సన్నబడ్డానుగా" అని ముందుకి దూరాడు.

ఆరు మెట్లు బాగానే ఎక్కాడు. ఏడో మెట్టు మీద వీపున డబ్బా గోడకి తగిలి కంగుమంది. ముందుకి వంగితే పొట్ట రాయికి ఆనింది. పక్కకి తిరిగితే కాజాలు అడ్డుపడ్డాయి. ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోశాడు. గుండెల మీద కరకరమని చప్పుడైంది. ఇక ముందుకీ లేదు, వెనక్కీ లేదు.

"ఏంటండీ ఆ చప్పుడు? ఎముకలేమైనా విరిగాయా?" అని కింద నుంచి ఏసుకుమారి గాభరాగా అరిచింది.

"ఏం లేదు, ఏం లేదు!"

అప్పుడే ఆయన జాకెట్టు అంచు లోంచి తెల్లటి పొడి సన్నగా రాలడం మొదలెట్టింది. మెట్ల మీద పడింది, రాతిగోడకి అంటింది, ఏసుకుమారి జుట్టు మీద వాలింది. ఆవిడ వెనక నిలబడ్డ డెబ్భయ్యేళ్ల జర్మన్ పెద్దావిడ టోపీ మీద కూడా పడింది. ఆవిడ పేరు ఫ్రావ్ లీబ్‌షర్ అని తర్వాత తెలిసింది. ఆ కొండల కింది ఊళ్లోనే పుట్టింది, చిన్నప్పటి నుంచీ ఆ రాళ్లెక్కుతోంది. ఆవిడ టోపీ తీసి చూసుకుంది. ముఖం ఎర్రబడింది. గట్టిగా అరవడం మొదలెట్టింది.

"ఏమంటోందే?" అన్నాడు జ్ఞానానందం మెడ తిప్పలేక.

"డాడీ, అది చేతులు జారకుండా రాళ్లెక్కేవాళ్లు పూసుకునే పొడి అనుకుంటోంది. మాగ్నీషియా. ఇక్కడ అది ఫెర్‌బోటెన్, నిషేధం. ఇసుకరాయి పాడైపోతుందట" అంది జెనిఫర్.

మునిగిపోయేవాడికి గడ్డిపరక దొరికినట్టయింది జ్ఞానానందానికి. "అవును! అదే! మాగ్నీషియా! తెలియక తెచ్చాను, సారీ అని చెప్పు!"

జెనిఫర్ చెప్పింది. ఫ్రావ్ లీబ్‌షర్ ఇంకా పెద్దగా అరిచి ఫోను బయటికి తీసింది.

"పార్కు రేంజరుని పిలుస్తోంది డాడీ. పేరు, అడ్రస్ రాసుకుంటాడట."

వెనక వరసలో గుసగుసలు బయల్దేరాయి. జ్ఞానానందానికి ఒక పక్క రేంజరు, ఒక పక్క పెళ్లాం. ఏది ఎక్కువ ప్రమాదమో తేల్చుకోవడానికి ఆయనకి రెండు క్షణాలు చాలు. రేంజరే మేలు అనుకుని నోరు మూసుకున్నాడు.

కానీ ఏసుకుమారి తన మొగుడి మీద ఎవరో కేసు పెడుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. "మా ఆయన దగ్గర అలాంటివేవీ ఉండవు! ఇది ఏ రాతిసున్నమో రాలుతోంది!" అంటూ గోడకంటిన పొడిని వేలితో తీసి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నాలిక మీద వేసుకుంది.

ఇంకోసారి వేలద్ది చప్పరించింది.

"ఏలకులు" అంది ఏసుకుమారి మెల్లగా.

ఆ ఒక్క మాటకి జ్ఞానానందం పని అయిపోయింది. ఇరుక్కున్నాడు కాబట్టి పడలేదు గానీ, లేకపోతే కూలబడేవాడే.

"నెయ్యి కూడా ఉంది. ఏవండీ, మర్యాదగా జేబులు ఖాళీ చెయ్యండి."

ఆయన చేతికందినవి ఒక్కొక్కటే తీసి కిందికి అందించాడు. నలిగిన పూతరేకుల పెట్టె వచ్చింది. కాజాల పొట్లం వచ్చింది. రెండో పొట్లం వచ్చింది. వీపు మీది డబ్బా ఆయనకి అందలేదు. ఏసుకుమారే రెండు మెట్లెక్కి, చెయ్యి దూర్చి, పన్ను పీకినట్టు పీకింది. డబ్బా వచ్చిందో లేదో జ్ఞానానందం సీసా మూతలా పైకి ఊడివెళ్లి అవతల పడ్డాడు.

కింద జెనిఫర్ ఫ్రావ్ లీబ్‌షర్‌కి సంగతంతా వివరించింది. ఆవిడ అనుమానంగా ఒక పూతరేకు ముక్క నోట్లో వేసుకుంది. కాగితంలా ఉన్నది కరిగిపోయేసరికి కళ్లు పెద్దవి చేసింది. ఫోను జేబులో పెట్టేసి, పెట్టె వెనక్కి అందించింది. పద్నాలుగు మందీ తలా ఒకటీ తిన్నారు. సున్నుండల డబ్బా వరస చివరికి వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది. పైనుంచి చూస్తున్న జ్ఞానానందానికి ఏడుపొచ్చింది. అది పశ్చాత్తాపమో, సున్నుండల మీద బెంగో ఆయనకే తెలియలేదు.

ఆ తర్వాత ఏసుకుమారి మాట్లాడలేదు. కొండ మీద ఎటు చూసినా స్తంభాల్లా, బురుజుల్లా ఎర్రటి రాళ్లు, మధ్యలో పచ్చటి అడవి. అంత అందం ఎదురుగా ఉన్నా ఆవిడ వెనక్కి తిరిగి కూర్చుని ఓట్స్ ఉప్మా తింది. దిగేటప్పుడూ మాట లేదు. స్టేషన్‌కి చేరేసరికి రైలు వెళ్లిపోయింది. ఇంకోటి గంటకి గానీ లేదు. ముగ్గురూ బల్ల మీద కూర్చున్నారు.

"మూడు నెలలు" అంది ఏసుకుమారి చివరికి. "నా వంటలో లోపం ఉందని నేను ఏడుస్తుంటే మీరు చూస్తూ నిలబడ్డారు."

"తప్పయింది కుమారీ. చెప్పడానికి సిగ్గేసింది."

"ఇంకా ఎక్కడెక్కడ దాచారు?"

"సెల్లార్‌లో. ఆఫీసు సొరుగులో. అంతే."

"మరి హాల్లో హీటరు వెనక దొరికిన చిప్స్ కవర్లు?"

"ఒట్టు, అవి నావి కావు!"

ఇద్దరూ కూతురి వైపు తిరిగారు. జెనిఫర్ బూటు వైపు చూసుకుంది. "నాకు ఆకలేసేది మమ్మీ. స్కూల్ పక్కన డోనర్ కబాబ్ కూడా తినేదాన్ని. రోజూ కాదు. అబర్... దాదాపు రోజూ."

"అయితే ఈ ఇంట్లో ఆ సంకటి మింగిన పిచ్చిదాన్ని నేనొక్కదాన్నేనా?" అంది ఏసుకుమారి.

"మమ్మీ," అంది జెనిఫర్ నెమ్మదిగా, "మీ కిటాలో గురువారం మిల్ష్‌రైస్ పెడతారు కదా, పాలూ పంచదారా వేసిన అన్నం. గురువారం రాత్రి నీకెప్పుడూ ఆకలి ఉండదేం?"

ఏసుకుమారి పట్టాల వైపు చూసింది.

"పిల్లలు సగం వదిలేస్తారే. పారబోస్తే పాపం కాదూ?"

"ఎన్ని గిన్నెలు?" అన్నాడు జ్ఞానానందం. ఆయనలోని టెస్టింగ్ మేనేజరు లేచాడు.

"గిన్నెలేంటండీ..." ఏసుకుమారి చీర కొంగు లేదు కాబట్టి స్కార్ఫు నోటికడ్డం పెట్టుకుంది. "గుండిగ అడుగు గీక్కునేదాన్ని."

ముందు జెనిఫర్ కిసుక్కుమంది. తర్వాత జ్ఞానానందం. ఆపైన ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దాయన తన కుక్కని ఇంకాస్త దూరంగా తీసుకెళ్లాడు.

సోమవారం జ్ఞానానందం టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అడిగి తీసుకుని, భార్యని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాడు. మూడు నెలల్లో తిన్నవన్నీ దాచకుండా చెప్పాడు. డాక్టరు టైపు చేస్తూ చేస్తూ ఆగి, కళ్లజోడు తీశాడు.

"ఇదంతా తిన్నారా? ఇంత తిన్నా ఇంతే పెరిగిందా?" అన్నాడు. ఏసుకుమారి వైపు తిరిగి జర్మన్‌లో అన్నాడు: "అయితే మేడం, మీ వంట బ్రహ్మాండంగా పనిచేసిందన్నమాట."

ఏసుకుమారి ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పించుకుంది, ఈసారి మొగుడికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో.