పసుపు చట్రం ఆగినంతసేపు

కంప్యూటర్ల మీద కప్పిన పాత చీరముక్కలు తీసి దులపడం, కీబోర్డు సందుల్లో ఇరుక్కున్న జంతికల పొడిని అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో ఊడ్చడం నా పొద్దుటి పని. ఆ మంగళవారం కూడా అదే చేస్తున్నాను. మా ఆయన లక్ష్మీప్రసాద్ ఎస్టీడీ బూత్ తలుపు తీస్తూ, "ఇప్పుడు నీకు కాళీయే కదా, ఆ రెండో మిషన్లో సెత్తంతా తుడిసీ. కొత్త బ్యాచి వత్తాది" అన్నారు. ఖాళీ అంటే, మా పాప సాహితిని విశాఖపట్నంలో కదల్లేని పిల్లల్ని ఉంచుకునే ఒక హోమ్‌లో దిగబెట్టి వచ్చి రెండు రోజులైందని. చెత్త అంటే, దాని కోసం నేను బేసిక్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఆట.

అరకులో మా షాపు బోర్డు మీద 'కంప్యూటర్ శిక్షణ, లక్ష్మీప్రసాద్' అని ఉంటుంది. ఆయనకి మిషన్ ఆన్ చెయ్యడం వచ్చు, ఆఫ్ చెయ్యడం వచ్చు. తొంభై ఆరులో విశాఖ నుంచి తెచ్చిన మాస్టారు ఒక్క చలికాలం కూడా పూర్తిచెయ్యకుండా కొండ దిగిపోయాడు. "నువ్వు బీఎస్సీ లెక్కలే కదా, నాలుగ్రోజులు సూసుకో" అన్నారు మా ఆయన. ఆ నాలుగు రోజులు రెండేళ్ళయ్యాయి. అందరి టిఫిన్లు, పదింటికి బ్యాచి, మధ్యలో లేచి సాహితికి తినిపించడం, మళ్ళీ బ్యాచి, మళ్ళీ పొయ్యి. ఎవరైనా అడిగితే, "మా ఆవిడ ఊరికే కూసుంటాదండి, పిల్లల్ని సూసుకుంటాది" అంటారు. నేను ఊరికే కూర్చున్నది ఒక్క పెళ్ళిపీటల మీదే.

సాహితికి తొమ్మిదేళ్ళు. పుట్టగానే ఏడవలేదు, ఏడ్చేసరికి ఆలస్యమైపోయింది. మెడ నిలవదు, మాట రాదు. కుడిచెయ్యి మాత్రం, తను అనుకున్న కాసేపటికి కదులుతుంది. మా అత్తగారు అప్పలనర్సమ్మ "ఎర్రి గుంట, ఆ పిల్లకేటి తెలుస్తాది" అని దాని ఎదుటే అంటారు. శుక్రవారం సంతకి కొండల మీంచి దిగిన జనం షాపు ముందు ఆగుతారు కాబట్టి, ఆ రోజు దాన్ని వెనక గదిలో పడుకోబెట్టాలి. సంత చప్పుడు వినపడితే దాని కళ్ళు తలుపు వైపు తిరుగుతాయి. నేను చూశాను. చూసింది నేనొక్కదాన్నే కాబట్టి ఆ మాటకి ఇంట్లో విలువ లేదు.

అందుకే సంతనే తెర మీదికి తెచ్చాను. కింద వరసగా నాలుగు బొత్తాలు: గుమ్మడికాయ, కోడి, గొడుగు, అద్దం. బేసిక్‌లో బొత్తాం అంటూ సిద్ధంగా ఏదీ దొరకదు, గీతగీతా మనమే గీసుకోవాలి. గడికి పై అంచున తెల్లగీత, కింది అంచున నల్లగీత వేస్తే ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. నొక్కినప్పుడు ఆ రెండు రంగులూ తారుమారు చేస్తే లోపలికి దిగినట్టుంటుంది. అది తెలుసుకున్న రోజు పొయ్యి మీద పప్పు మాడింది. తిట్లు తిన్నాను గానీ, లోపల్లోపల నవ్వుకుంటూ తిన్నాను. సాహితి మీటలు వెతుక్కోలేదు. అందుకని ఒక పసుపు చట్రం ఆ నాలుగు బొత్తాల మీదా ఒకదాని తర్వాత ఒకటిగా తిరిగేట్టు రాశాను. తెర పైభాగంలో ఏ బొమ్మ వస్తే, చట్రం కింది వరసలో ఆ బొమ్మ మీదికి వచ్చినప్పుడు స్పేస్ బార్ మీద చెయ్యి వేస్తే చాలు. దాని చెయ్యి పడితే చప్పున లేవదు, ఒక్క నొక్కు పది నొక్కులైపోతుంది. ఆ మిగిలినవన్నీ పారబొయ్యడానికి ఒక వరుస రాశాను. ఆట ఏది అడిగిందీ, పాప ఏది నొక్కిందీ ఒక ఫైల్లో దాచిపెట్టడానికి ఇంకో వరుస.

మొదట్లో చట్రం ఒక్కో బొత్తాం మీద నాలుగు సెకన్లు ఆగేది. వెనక నిలబడి చూసిన మా ఆయన, "ఇంత నెమ్మదేటి? సూసినోడు నిద్దరోతాడు. బేగి తిరగనీ" అన్నారు. నాలుగు తీసి ఒకటి పెట్టాను. ఈ ఇంట్లో బేగి అన్న మాట వినపడితే నా చేతులు నన్నడగవు. బేగి టీ, బేగి నీళ్ళు, బేగి తెములు, పదేళ్ళ అలవాటు. నా చేత్తో నేనే నొక్కి చూసుకుని, బాగానే ఉందనుకున్నాను. సాహితితో ఆడినప్పుడల్లా దాని చేతి మీద నా చెయ్యేసి నేనూ నొక్కేదాన్ని. కోడి దిగేది, గొడుగు దిగేది, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

హోమ్ మాట మొదట ఎత్తింది అత్తగారే. నేను ఒప్పుకోలేదు. దానికన్నీ తెలుసు, ఆటలో చూపిస్తాను అన్నాను. "సరే, సరిగ్గా నొక్కితే ఇక్కడే ఉంచీద్దాం. లేకపోతే మరి మాట్లాడకు" అన్నారు మా ఆయన. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. సాహితిని ఒళ్ళో పెట్టుకున్నాను, దాని చేతి మీద నా చెయ్యి పెట్టాను.

"నీ సెయ్యి తియ్యే. ఆడాల్సింది గుంటా, నువ్వా?" అన్నారు అత్తగారు.

తీశాను. ఆరుసార్లు బొమ్మ వచ్చింది. ఆరుసార్లూ తప్పే నొక్కింది. బొత్తాం లోపలికి దిగినప్పుడల్లా మాత్రం మెడ వెనక్కి వాల్చి నవ్వింది. మా ఆయన "సూసినావా" అన్నారు అంతే, కొంచెం జాలిగా కూడా. ఆయన చెడ్డ మనిషైతే నాకు సులువయ్యేది. నా పాపమేమిటంటే, ఆ క్షణంలో నేనూ నమ్మేశాను. తొమ్మిదేళ్ళు దాని కళ్ళలో నేను చూసిందంతా నా పిచ్చి ఆశేనేమో అనుకున్నాను. ఆదివారం రైల్లో తీసుకెళ్ళాం. హోమ్‌లో మంచం మీద పడుకోబెట్టి పక్కన కూర్చున్నాను. గుమ్మంలోంచి మా ఆయన "బేగి రా, ఆటో ఆగుంది" అన్నారు. సాహితి చెయ్యి మెల్లగా నా కొంగు వైపు కదలడం మొదలైంది. అది చేరేలోపే నేను లేచేశాను.

ఇదిగో ఇప్పుడు, మంగళవారం, తుడిచెయ్యమన్న చెత్త ముందు కూర్చున్నాను. తుడిచే ముందు ఎందుకో ఆ ఫైలు తెరిచాను. శనివారం నుంచి దాన్ని తెరవలేదు. చివర శనివారంవి ఆరు వరసలున్నాయి. గుమ్మడికాయ అడిగితే కోడి. గొడుగు అడిగితే అద్దం. కోడి అడిగితే గొడుగు. అద్దం అడిగితే గుమ్మడికాయ. అక్కడ నా వేలు ఆగిపోయింది. అద్దం తర్వాత చట్రం మళ్ళీ మొదటికి, గుమ్మడికాయ మీదికే వెళ్తుంది. మిగతా రెండూ చూశాను. అవీ అంతే. ప్రతిసారీ అడిగినదాని తర్వాతిదే. ఒక్కసారి కూడా ముందుది కాదు, ఎక్కడిదో కాదు.

కోడి అడిగినప్పుడు, చట్రం కోడి మీదికి రాగానే దాని చెయ్యి బయల్దేరింది. చెయ్యి మీటని చేరేసరికి చట్రం వెళ్ళిపోయింది. నేను ఒక్క సెకనే ఇచ్చాను. ఆరుకి ఆరూ తెలుసు నా తల్లికి. ఆరుసార్లూ సరిగ్గా చెప్పి, చెప్పానన్న సంతోషంతో నవ్వింది. మేం ముగ్గురం ఎదురుగా కూర్చుని, దానికేమీ తెలీదని తేల్చేశాం. టూత్‌బ్రష్ చేతిలో ఉండగానే వెక్కి వెక్కి ఏడ్చాను. బయట బూత్‌లో ఎవరో పాడేరుకి ఫోను కలపమని అరుస్తున్నారు.

కళ్ళు తుడుచుకుని, ప్రోగ్రాంలో ఒకటి కొట్టేసి నాలుగు పెట్టాను. ఆటనీ, ఆ ఆరు వరసలనీ ఫ్లాపీలోకి ఎక్కించాను. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, సంచీలో సాహితి దుప్పటి పెట్టుకుని వచ్చాను.

"రెండో మిషన్ తుడిసీసావా?" అన్నారు మా ఆయన, తలెత్తకుండానే.

"లేదండి. మధ్యాహ్నం బండికి విశాఖ వెళ్తున్నాను. సాహితిని తెచ్చేసుకుంటాను."

ఆయన తలెత్తారు. "మరి బ్యాచో?"

"బోర్డు మీద మీ పేరే ఉంది కదా, మీరు చెప్పండి."

అత్తగారు చేట పట్టుకునే వాకిట్లోకి వచ్చారు. "తెచ్చి ఏటి సేత్తావే? ఆ గుంటని అడిగితే సెప్తాదేటి?"

"ఎప్పుడో చెప్పింది అత్తా. మనమే ఆగలేదు."

నేను మెట్లు దిగాను. వెనక నుంచి మా ఆయన అలవాటు మాటే అన్నారు. "సర్లే, బేగి వచ్చీ."

"బేగి రాను" అన్నాను. "ముందు దాని పక్కన కూర్చుంటాను. దాని చెయ్యి నా కొంగు అందుకున్నాకే లేస్తాను."