నాలుగు ఆదివారాల ఆయిలు

మామగారు మోటారు సైకిలు ఇస్తూ పెట్టిన షరతు ఒక్కటే. నెల రోజులు చూస్తాడు. బండి బాగుంటే అల్లుడిది, తేడా వస్తే తాళం వెనక్కి.

"ఇంజన్‌కి ఆయిలే ప్రాణం. ముప్పై ఏళ్లు బస్సు తోలాను. ఆయిలు తక్కువై ఒక్క రోజూ బండి ఆగలేదు. నీ తోడల్లుణ్ణి చూసి నేర్చుకో, బండిని అద్దంలా పెట్టుకున్నాడు" అని తాళం చేతిలో పెట్టాడు. పెట్టాక కూడా రెండు వేళ్లతో పట్టుకునే ఉన్నాడు. అల్లుడు లాక్కోవాల్సి వచ్చింది.

అల్లుడు గడియారాలు బాగుచేస్తాడు. వీధి చివర కొట్టు. ఊరికి అవతల ఉన్న ఆఫీసుల్లో పదకొండు గోడ గడియారాలకు వారం వారం కీ ఇచ్చే పని ఈ మధ్యే దొరికింది. మొదటి వారం బస్సులో వెళితే పనిముట్ల పెట్టె మీద ఎవరో కూర్చున్నారు. రెండో వారం ఆ పెట్టె అతనికన్నా ముందు స్టాపులో దిగిపోయింది. బండి లేకపోతే ఆ పని నిలవదు.

ముప్పయ్యో రోజు, మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, బండి పొగ వదిలింది. మెట్ల కింద మొదలైన పొగ వీధి దాటి, ఎదురింటావిడ ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడింది.

"ఏంటి బాబూ, దోమలకా?" అంది ఆవిడ.

మామగారు నాలుగింటికి వస్తాడు.

అల్లుడు బండి ఆపి, సెంటర్ స్టాండు వేసి, ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పాడు. ఫిల్టరు ఆయిల్లో నానుతోంది. ఇంజన్ కుడి పక్కన ఆయిలు మట్టం చూపించే గాజు బిళ్ల ఉంటుంది. దాని మీద రెండు గీతలు. ఆయిలు వాటి మధ్య ఉండాలి. నెల క్రితం ఇదే స్టాండు మీద చూసినప్పుడు సరిగ్గా మధ్యలో ఉంది. ఆ తర్వాత అతను ఆయిలు పోసే మూత ముట్టుకోలేదు. నడుస్తున్న గడియారాన్ని ఎవరూ విప్పరు. ఇప్పుడు పై గీత కూడా మునిగి, గాజు మొత్తం నల్లగా ఉంది. ఎక్కువైన ఆయిలే ఫిల్టరులోకి ఎక్కి పొగవుతోంది.

భార్య పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. అప్పుడే భోజనానికి ఇంటికొచ్చింది.

"ఆయిలు పెరిగింది" అన్నాడు.

"కడుపుతో ఉందేమో. మా ఆసుపత్రికి తీసుకురండి."

"నువ్వేమైనా పోశావా?"

"నేను ఆవులకి పడతాను మందు. మీరే పోసి మర్చిపోయారేమో!"

"నేనా? సూది మొనతో ఆయిలు వేసేవాణ్ణి. బొట్టు పెద్దదైతే తుడిచి మళ్లీ వేస్తాను."

అది నిజమేనని ఆమెకూ తెలుసు. పెళ్లయిన కొత్తలో అతను తలకు నూనె రాసుకోవడం చూసి పిసినారి సంబంధం అనుకుంది.

కింద బోల్టు విప్పితే ఆయిలంతా పోతుంది. ఎక్కువైనంత మాత్రమే పైనుంచి తీయాలి. ఆమె తన సంచిలోంచి దూడలకు మందు పట్టే సిరంజి తీసింది. కొత్తది. మూరెడు గొట్టం తగిలించి, ఆయిలు పోసే కన్నంలోకి దింపింది.

"మెడ దగ్గర పట్టుకోండి. ఇది తన్నదు లెండి."

ఆమె లాగింది. అతను నేల మీద బోర్లా పడుకుని గాజుకేసి చూశాడు. నాలుగు సిరంజిలు సీసాలోకి వెళ్లాక గాజులో ఆయిలు అంచు కనిపించింది. అయిదోది సగంలో ఉండగా "చాలు" అన్నాడు. ఫిల్టరు కడిగి, పిండి, ఆరబెట్టి, డబ్బా తుడిచి బిగించాడు. బండి పది నిమిషాలు దగ్గి, ఆ తర్వాత పొగ మానేసింది.

మామగారు మూడూ ముప్పావుకే దిగాడు. డ్రైవరు కదా, టైముకన్నా ముందే వస్తాడు. చేతిలో గుడ్డ సంచి. కుశల ప్రశ్నలు లేవు. బండిని సెంటర్ స్టాండు మీంచి దించి, సైడ్ స్టాండు వేసి, వంగి గాజులోకి చూశాడు.

"చూశావా! ఖాళీ!"

సంచిలోంచి ఆయిలు డబ్బా బయటికొచ్చింది.

"నేను లేకపోతే ఇది ఎప్పుడో చచ్చేది. నాలుగు ఆదివారాలుగా నువ్వు కొట్టుకి, అమ్మాయి ఆసుపత్రికి వెళ్లాక వచ్చి, మీకు తెలీకుండా పోసి పోతున్నాను. ఒక్కరితోనైనా చెప్పుకున్నానా?"

భార్య సిరంజిని వీపు వెనక దాచింది.

అల్లుడు జేబులో తాళం తడుముకున్నాడు. నోరు మూసుకుంటే తాళం తనది. కానీ ఆదివారం మళ్లీ వస్తుంది, డబ్బా కూడా వస్తుంది. నోరు తెరిస్తే ముప్పై ఏళ్ల బస్సుకు ఎదురు చెప్పినట్టు. మామగారు అప్పటికే మూత తిప్పుతున్నాడు.

"మామయ్యా, పొయ్యకండి."

"ఏం?"

"ఒక్కసారి బండి నిటారుగా నిలబెట్టి పట్టుకోండి. ఆ మూత బిగించి."

మామగారు నిలబెట్టాడు. గాజులో ఆయిలు మెల్లగా పైకొచ్చి రెండు గీతల మధ్య ఆగింది.

"ఇప్పుడు సైడ్ స్టాండు మీదికి వంచండి."

ఆయిలు మాయమైంది.

"గాజు కుడి పక్కన ఉంది మామయ్యా. బండి ఎడమకి ఒరిగితే ఆయిలూ ఎడమకే పోతుంది. నిలబెట్టే చూడాలి."

మామగారు ఎవరూ చెప్పకుండానే ఇంకో అయిదు సార్లు నిలబెట్టి, వంచి చూశాడు.

"బస్సులో ఇలా లేదే" అన్నాడు.

"బస్సుకి సైడ్ స్టాండు ఉండదు నాన్నా" అంది కూతురు.

మామగారి మొహం ఆముదం తాగినట్టయింది. మెట్టు మీద కూలబడ్డాడు.

"పెద్దల్లుడి బండి కూడా వారం నుంచి పొగ పెడుతోంది" అన్నాడు. "వాడు పెట్రోలు కల్తీ అని బంకు వాళ్లతో గొడవపడి వచ్చాడు."

"అక్కా వాళ్ల బండికి కూడానా?"

"అక్కడ శనివారాలు."

కూతురు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. తిరిగేసరికి సిరంజి బయటపడింది.

"అదేంటే?"

"దూడలది. మీ అల్లుడి బండికి ఇందాకే వైద్యం చేశాం. నాలుగున్నర సిరంజిలు."

మామగారు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని లేచాడు. "కడిగి సంచిలో పడెయ్. ఇంకో సీసా కూడా పెట్టు, పెద్దది." అల్లుడి వైపు తిరిగాడు. "పద. నువ్వు నడుపు, నేను వెనక కూర్చుంటాను."

"మామయ్యా, మరి తాళం..."

"నీ జేబులో ఉన్నదాని గురించి నన్నడుగుతావేంటి?"

బండి వీధి మలుపు తిరిగింది. ఎదురింటావిడ దుప్పట్లు ముందే తీసేసింది కానీ ఈసారి పొగ రాలేదు. మామగారు అల్లుడి భుజం పట్టుకుని చెవి దగ్గరకు వంగాడు.

"వాడికి మాత్రం పెట్రోలు కల్తీ అనే చెబుదాం."